ఇరవై మూడు గంటలు

పిండికట్ల గదిలో పనిచేసే ఆయన్ని ఆస్పత్రిలో అందరూ సున్నం మేస్త్రి అంటారు. ముప్పై ఏళ్లుగా విరిగిన చేతులకూ వంకర కాళ్లకూ కట్లు వేసి వేసి, మోచేతుల దాకా తెల్లగా, అప్పుడే గోడకు వెల్ల వేసి దిగినవాడిలా ఉంటాడు. ఆ బుధవారం ఆయన మా పాప కడ్డీ బూట్లు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. వెలుతురుకు పట్టి, సూదిలో దారం ఎక్కించేవాళ్లలా ఒక కన్ను మూసి, బూటు లోపలికి చాలాసేపు చూశాడు.

"రోజుకు ఎన్ని గంటలు వేస్తున్నారమ్మాయ్?"

"ఇరవై మూడు."

"తీసేది?"

"స్నానానికి ఒక్క గంట. మీరు చెప్పినట్టే."

ఆయన నావైపు తిరగలేదు. "లోపలి తోలు ఇంకా కొట్లోంచి తెచ్చినట్టే ఉంది. రెండున్నర నెలలైంది కదా, ఈపాటికి మడమ అచ్చు నల్లగా పడాలి. వేళ్లు ఐదూ లెక్కపెట్టుకునేలా ఉండాలి."

"సాక్సు తొడిగి వేస్తున్నామండీ."

"అందరూ సాక్సు తొడిగే వేస్తారు తల్లీ," అని బూట్లు బల్ల మీద పెట్టాడు.

నేను చెప్పింది అబద్ధం.

మా పాప పుట్టినప్పుడు రెండు పాదాలూ లోపలికి తిరిగి, అరికాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉన్నాయి. మనిషి కూడా మరీ చిన్నది. మా అత్తగారు చేతుల్లోకి తీసుకుని, "ఇదేంటే, ఇంత పిసరుంది!" అన్నారు. అప్పట్నుంచీ ఇంట్లో దాని పేరు పిసరు. పదిహేనో రోజున మొదటి కట్టు పడింది. తొడ నుంచి వేళ్ల దాకా రెండు కాళ్లకూ పిండికట్లు. వారం వారం తీసి, పాదాన్ని ఇంకాస్త బయటికి తిప్పి, మళ్లీ కట్టు. అలా ఐదు వారాలు. తర్వాత మడమ వెనక నరానికి చిన్న గాటు పెట్టి ఇంకో మూడు వారాలు. చివరి కట్టు విప్పిన రోజున పాదాలు తిన్నగా, అందరి పిల్లల పాదాల్లాగే ఉన్నాయి. మా అత్తగారు వేళ్లన్నీ లెక్కపెట్టారు. ఎవరైనా మార్చేశారేమోనన్నట్టు రెండోసారి లెక్కపెట్టారు.

అప్పుడే మేస్త్రి ఈ బూట్లు ఇచ్చాడు. రెండు చిన్న తోలు బూట్లు, మధ్యలో వాటిని కలుపుతూ జానెడు ఇనుప కడ్డీ. వేళ్లు బయటివైపు చూసేలా బిగించి ఉంటాయి. మూడు నెలలు రోజుకు ఇరవై మూడు గంటలు ఉంచాలి. తర్వాత నాలుగేళ్లు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడు మాత్రమే.

"కట్టు నేను వేశాను కాబట్టి మీరు విప్పలేకపోయారు," అన్నాడు మేస్త్రి ఆ రోజు. "బూటు మీ చేతిలో ఉంటుంది. దాంతో వచ్చిన చిక్కల్లా అదే. మొదటి మూడు రోజులు ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. చెవుల్లో దూది పెట్టుకోండి. పట్టీ మీద మాత్రం చెయ్యి వేయకండి."

మూడు రోజులు నేను ఓర్చుకున్నాను. నాలుగో రోజు నేను కళ్లద్దాల దుకాణంలో పనికి తిరిగి వెళ్లాలి. అద్దాలు అరగదీసే పని నాది. చెయ్యి వణికితే అద్దం పోతుంది. ఆ ముందు రాత్రి పాప పాలు తాగుతూ, కడ్డీ నా పొట్టకు గుచ్చుకుంటుంటే వెనక్కి వెనక్కి తన్నుకుంటూ, పాలు వదిలేసి ఏడ్చింది. గోడ అవతల పక్కింటివాళ్లు లేచి దీపం వేసిన చప్పుడు. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అనుకుని పట్టీలు విప్పాను. పాప రెండు కాళ్లూ నా పొట్ట మీద ముడుచుకుని నిద్రపోయింది. నేనూ నిద్రపోయాను. తెల్లవారకముందే, ముందు గదిలో పడుకున్న మా ఆయనా అత్తగారూ లేవకముందే మళ్లీ బిగించాను.

ఆ ఒక్క రాత్రి రెండున్నర నెలలు సాగింది. ఏడు గంటలు. పగలంతా అత్తగారు కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తారు కదా, పదహారు గంటలు పడుతోంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇప్పుడు కుడి పాదం వేళ్లు మళ్లీ లోపలికి చూస్తున్నాయి. మడమ కిందికి దిగడం లేదు.

చిన్న డాక్టరమ్మ వచ్చి పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. బయట బెంచీల మీద నలభై మంది ఉన్నారు. ఆవిడ ముఖంలో ఆ నలభై మందీ కనిపిస్తున్నారు.

"బూట్లు సరిగ్గా వేస్తున్నారా?"

"వేస్తున్నామండీ," అన్నాను.

పక్కనే పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా అత్తగారు కూడా అందుకున్నారు. "నా కళ్లముందే ఉంటుందమ్మా. స్నానానికి తప్ప ఒక్క నిమిషం తీయం."

"డాక్టరుగారూ, ఒకసారి ఈ తోలు చూడండి," అన్నాడు మేస్త్రి.

"తల్లీ నాయనమ్మా ఇద్దరూ చెబుతుంటే నేను తోలు మాట నమ్మనా మేస్త్రీ?" అని ఆవిడ కాగితం మీద రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే చెప్పింది. "చూడమ్మా, బూట్లు వేయక తిరిగిన పాదం వేరు, వేసినా తిరిగిన పాదం వేరు. వేయకపోతే మళ్లీ రెండు మూడు కట్లతో దారికి తెచ్చుకోవచ్చు. మీరు ఇంత శ్రద్ధగా వేసినా తిరిగిందంటే, లోపల ఏదో మొండితనం ఉన్నట్టు. కాలు తెరిచి కీళ్లు సరిచేసే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. అది చేసిన పాదం నడుస్తుంది గానీ, పెద్దయ్యాక బిగుసుకుపోతుంది, నొప్పి ఉంటుంది. అందుకే ఊరికే చేయరు. మంగళవారం పెద్ద డాక్టరు వస్తారు. ఆయన చూసి తేలుస్తారు."

నేను నోరు తెరిచాను. అప్పటికే తలుపు దగ్గర ఇంకో తల్లి పిల్లవాడిని ఎత్తుకుని లోపలికి వచ్చేసింది. మేస్త్రి నా చేతికి బూట్లు అందించాడు. ఏదైనా అంటే బాగుండుననిపించింది.

ఇంటికి వెళ్లే బస్సులో మా అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు. మామూలుగా అయితే ఎక్కినవాళ్ల చీర అంచుల దగ్గర్నుంచి దిగినవాళ్ల నడక దాకా ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ఆ మౌనాన్ని నేను దిగులనుకున్నాను.

మర్నాడు దుకాణంలో రెండు అద్దాలు పగలగొట్టాను. మూడోది చేతిలోకి తీసుకుంటుంటే మా యజమాని, "ఇవాళ్టికి నువ్వు ఇంటికి వెళ్లమ్మా, నా కొట్లో ఇంకొన్ని అద్దాలు మిగలనీ," అన్నాడు. పన్నెండున్నరకు ఇంటికి చేరాను.

కుట్టుమిషను పక్కన నేల మీద పరుపు. పరుపు మీద పిసరు. స్నానం చేసి, పల్చటి గౌను తొడుక్కుని, ఒళ్లు మరిచి నిద్రపోతోంది. రెండు కాళ్లూ గాలికి వదిలేసి ఉన్నాయి. కడ్డీ బూట్లు మిషను బల్ల మీద, గుండీల డబ్బా పక్కన ఉన్నాయి. మా అత్తగారు ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతూ, నన్ను చూసి సూది చేతిలోనే ఉంచుకుని లేచారు.

"ఇప్పుడే... ఇప్పుడే తీశానే..."

"స్నానం ఎప్పుడైంది?"

నేల మీద నీటి తడి ఎప్పుడో ఆరిపోయింది.

"రోజూ ఇలాగేనా?"

"రోజూ అంటే... రెండు గంటలేనే. స్నానం కాగానే హాయిగా నిద్రలోకి జారుకుంటుంది. నిద్రపోయే పిల్ల కాళ్లకి సంకెళ్లు వేయబుద్ధి కాదు. లేవగానే వేసేస్తాను. నీ మీద ఒట్టు."

ఆ తర్వాత నేను అన్న మాటలు ఇక్కడ అన్నీ రాయలేను. నిన్న డాక్టరు ముందు నోరారా అబద్ధం చెప్పారన్నాను. మీ జాలి వల్ల ఆ పిల్ల కుంటితే జీవితమంతా మీరు మోస్తారా అన్నాను. కన్నతల్లిని నేను రాయిలా ఉంటుంటే మీకెందుకండీ ఇంత ప్రేమ అన్నాను. అంటున్నకొద్దీ నా మాటలు నాకే నిజంలా వినిపించాయి. అదే భయంకరం. ఆ కాసేపు నేను నిజంగానే రాత్రుళ్లు కూర్చుని కాపలా కాసిన తల్లినని నమ్మాను.

ఆవిడ తల వంచుకుని నిలబడ్డారు. అరవై ఏళ్ల మనిషి. చివరికి చిన్నగా, "నువ్వు రాత్రంతా ఉంచుతున్నావు కదా తల్లీ. నువ్వు గట్టిదానివి. ఆ ధైర్యంతోనే తీశాను," అన్నారు.



రెండున్నరకు మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. ఊళ్లో బస్సు నడుపుతాడు. పొద్దున్న మొదటి బస్సు ఆయనదే. గుమ్మంలోనే ఇద్దరి ముఖాలూ చూసి, సంగతి విని, చెప్పులు కూడా విడవకుండా అలాగే నిలబడ్డాడు.

"అమ్మనేం అనకు," అన్నాడు. "నేనూ తీస్తాను."

"మీరా? ఎప్పుడు?"

"వచ్చాక. అమ్మ కాసేపు నడుం వాల్చినప్పుడు. గంట... గంటన్నర. నా పొట్ట మీద పడుకోబెట్టుకుంటాను. డిపోలో బూట్లు విప్పగానే నా కాళ్లకు ప్రాణం లేచొస్తుంది. దానికీ అంతేగా అనుకున్నాను."

"నాకెప్పుడూ చెప్పలేదేంట్రా?" అన్నారు మా అత్తగారు.

"నువ్వు తీస్తున్నట్టు నాకు చెప్పావా?"

"నువ్వు తిడతావని భయం."

"నాకూ అదే భయం."

ఆవిడ పరుపు మీద కూలబడ్డారు. "దొంగలు దొంగలు ఊళ్లు పంచుకున్నట్టు పంచుకున్నాం కదరా పిల్ల కాళ్లని," అన్నారు. నవ్వబోయారు. అది నవ్వుగా రాలేదు.

తల్లీ కొడుకులిద్దరూ నావైపు చూశారు. క్షమించమన్నట్టు చూశారు. నేను మిషను మీద నుంచి బూట్లు తీసుకుని, పాప పక్కన కూర్చుని, మడమను కిందికి నొక్కి పట్టి, పట్టీలు బిగించాను. అది ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. వాళ్లిద్దరూ అపరాధుల్లా ఆ ఏడుపు విన్నారు. అందులో నా వంతు ఎంతో నాకొక్కదానికే తెలుసు.

ఆ రాత్రి బూట్లు తీయలేదు. శుక్రవారం తీశాను. ఇది చెప్పకుండా దాటేయవచ్చు గానీ, దాటేస్తే ఈ కథ రాయడం దండగ.

సోమవారం సాయంత్రం అత్తగారు నన్ను వంటింట్లోకి పిలిచారు. అప్పటికి నాలుగు రోజులుగా ఆవిడ స్నానం కాగానే, పిల్ల ఒళ్లు సరిగ్గా ఆరకముందే బూట్లు తొడిగేస్తున్నారు. పాప ఏడుస్తుంటే గదిలో ఉండలేక వాకిట్లోకి వచ్చి నిలబడుతున్నారు. మా ఆయన మధ్యాహ్నాలు ఇంటికే ఆలస్యంగా వస్తున్నాడు.

"రేపు నేనూ వస్తాను. తీసింది నేనేనని చెప్పేస్తాను," అన్నారు. "మీరిద్దరూ నోరు మెదపొద్దు. ముసలిది, తెలియక చేసిందనుకుని నాలుగు చీవాట్లు పెట్టి వదిలేస్తారు. వాడు తీసిన సంగతి ఎత్తొద్దు. కన్నతండ్రే తీశాడంటే మరీ తేలికైపోతాం. నేను తీశానంటే ఆపరేషన్ అక్కర్లేదంటారు కదా?"

"అంటారనుకుంటా."

"అయితే సరే."

"సరే అత్తయ్యా," అన్నాను నేను. అనగలిగాను.

మంగళవారం పెద్ద డాక్టరు గదిలో ముగ్గురం వరసగా నిలబడ్డాం. బూట్ల సంగతి కాబట్టి మేస్త్రిని కూడా పిలిపించారు. ఆయన గోడకు ఆనుకుని, చేతులకు అంటిన పిండి గోళ్లతో గీరుకుంటున్నాడు. పెద్ద డాక్టరు బాగా పొడుగు మనిషి. పాప పాదాన్ని రెండు వేళ్లతో, పిట్టను పట్టుకున్నట్టు పట్టుకుని చూశాడు.

"ఇరవై మూడు గంటలూ వేశారని రాసి ఉంది ఇక్కడ."

"లేదు బాబూ," అన్నారు మా అత్తగారు. గొంతు సవరించుకున్నారు. "తీశాను. నేనే. వీళ్లకి తెలీదు. వీళ్లు పనికి వెళ్లాక తీశాను."

"ఎంతసేపు?"

"రెండు గంటలు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "రెండు గంటలు తీయకూడదు. కానీ రెండు గంటలకు పాదం ఇంతలా వెనక్కి తిరగదమ్మా. అంటే డాక్టరమ్మ అనుకున్నదే నిజం కావచ్చు."

మా అత్తగారు నావైపు చూడలేదు. కొడుకువైపు చూడలేదు. "రెండు కాదులే బాబూ, మూడు ఉంటుంది," అన్నారు.

"మూడా?"

"నాలుగు. నాకు గడియారం చూడటం సరిగ్గా రాదు." మా ఇంట్లో ప్రతి గడియారానికీ కీ ఇచ్చేది ఆవిడే. "ఒక్కోరోజు ఐదు కూడా అయ్యుండొచ్చు."

పెద్ద డాక్టరు కాగితం మీద నుంచి తలెత్తాడు. ఆవిడ చీర కొంగు రెండు చేతులతో పట్టుకుని, సంతలో బేరం ఆడుతున్న మనిషిలా ఆయన ముఖంలోకి చూస్తున్నారు. అది ఒప్పుకున్నట్టు కనిపిస్తుందా, ఇంకా పెంచాలా అని చూస్తున్నారు.

"ఎన్నయితే సరిపోతుంది బాబూ?" అన్నారు. "అన్నీ నా పేరు మీద రాసుకో. పిల్లని మాత్రం కొయ్యకు."

మా ఆయన, "నేనూ తీశానండీ. గంటన్నర. రోజూ," అన్నాడు.

"నువ్వు ఊరుకోరా."

"అమ్మా, చెప్పనీ."

పెద్ద డాక్టరు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుంటున్నాడు. ఆ లెక్క చాలదని నాకు తెలుసు. అది సరిపోవాలంటే ఎంత కావాలో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఇంకో నిమిషం నేను ఊరుకుంటే అత్తగారు ఆరంటారు, ఏడంటారు. ఆయన నమ్మినా నమ్మకపోయినా, ఆవిడ మాత్రం నా ఏడు గంటలూ నెత్తిన పెట్టుకుని ఇంటికి వస్తారు.

"అత్తయ్య తీసింది రెండు గంటలే," అన్నాను. "మిగతాది నేను. రాత్రుళ్లు. అందరూ పడుకున్నాక తీసి, తెల్లవారకముందు పెట్టేదాన్ని. ఏడు గంటలు. మొదటి వారం నుంచే."

నా పక్కన మా అత్తగారి ఊపిరి ఒక్కసారి పైకి లేచి ఆగింది.

"మొన్న అడిగితే అబద్ధం చెప్పాను," అన్నాను. "ఆపరేషన్ అన్నాక కూడా చెప్పలేదు."

పెద్ద డాక్టరు నన్ను తిట్టలేదు. కలం తీసుకుని వరసగా అంకెలు రాశాడు. "రెండు. ఒకటిన్నర. ఏడు. స్నానం ఒకటి. పదకొండున్నర. అంటే ఈ పిల్ల రోజులో సగమే బూట్లు వేసుకుంది." కాగితాన్ని మేస్త్రివైపు తిప్పాడు. "మేస్త్రీ, మీ తోలు చెప్పింది ఇదేనా?"

"ఇంచుమించు ఇంతేనండీ." మేస్త్రి గోడ నుంచి జరిగి మా ముందుకు వచ్చాడు. "పాదం మొండిది కాదు డాక్టరుగారూ. ఇల్లే మెత్తనిది."

అప్పుడు మేస్త్రి మాతో అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "చూడండి, ఆగకుండా ఉంచితే పసికాళ్లు మూడు రోజుల్లో అలవాటు పడతాయి. బూటు కూడా తమ ఒళ్లే అనుకుంటాయి. తీసి పెడితే ప్రతిసారీ కొత్తే. ముగ్గురూ జాలి పడి రోజుకు మూడుసార్లు తీశారు. అంటే రోజుకు మూడుసార్లు దాన్ని మళ్లీ మొదటి రోజుకు తీసుకెళ్లారు. రెండున్నర నెలలు అది మొదటి రోజు ఏడుపే ఏడ్చింది."

మా ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"మాట ఇవ్వలేను," అన్నాడు పెద్ద డాక్టరు. "మూడు వారాలు కట్లు వేద్దాం. తర్వాత బూట్లు, మళ్లీ మూడు నెలలు. నిలబడితే నిలబడుతుంది. ఈసారి తిరిగితే మాత్రం నా చేతిలో కత్తి తప్ప ఏమీ ఉండదు. ఇవాళే మొదటి కట్టు వేయించుకు వెళ్లండి."

పిండికట్ల గదిలో మేస్త్రి తొట్టిలో గోరువెచ్చటి నీళ్లు నింపి, కట్టు చుట్ట ముంచి, పిండి కారుతుండగా పిండాడు. నేను పాపకు పాలిస్తూ కూర్చున్నాను. అలా తాగుతుంటే కాళ్లు వదులుగా ఉంచుతుంది. మా అత్తగారు మోకాళ్లు పట్టుకున్నారు. ఇంతకుముందు ఎనిమిది వారాలు మేమిద్దరం ఇలాగే కూర్చున్నాం. అప్పుడు ఆవిడ మేస్త్రితో, "నీ సున్నం కాస్త ఇలా పూయవయ్యా, మా వంటింటి గోడ కూడా అయిపోతుంది," అని ఏదో ఒకటి అంటూ ఉండేవారు. ఆ రోజు తల ఎత్తలేదు. ఆవిడ నుదురు నా భుజానికి బెత్తెడు దూరంలో ఉంది. తెల్లటి పాపిట్లోంచి చెమట దిగుతోంది. మేస్త్రి పాదాన్ని బయటికి తిప్పి, బొటనవేలితో నొక్కి పట్టి, తడి గుడ్డను చుట్టూ చుట్టూ తిప్పుతూ మడమ దగ్గర అరచేత్తో మెల్లగా సర్దాడు. కట్టు గట్టిపడుతూ వేడెక్కింది. పాప పాలు వదిలి, ఒకసారి మా ముగ్గురి ముఖాలూ చూసి, మళ్లీ తాగింది.

ఇంటికి వచ్చాక నాలుగు రోజులు అత్తగారు నాతో అవసరమైన మాటలే మాట్లాడారు. నీళ్లు కాగాయి. కొళాయి వస్తోంది. పాప లేచింది. మా ఆయన ఒకటి రెండుసార్లు ఇద్దరి మధ్యా ఏదో జోకు వేయబోయి, తన మాటే తనకు వినిపించి ఊరుకున్నాడు. ఐదో రోజు నేను బట్టలు మడతపెడుతుంటే ఆవిడ మిషను ఆపారు.

"గురువారం నన్ను అన్ని మాటలన్నావు కదా."

"అన్నాను అత్తయ్యా."

"అప్పుడు నీకు తెలుసు. నీ సంగతి."

"తెలుసు."

"సరే," అన్నారు. మిషను మళ్లీ నడిచింది.

నాలుగు తిట్టి ఉంటే నేను కాళ్లు పట్టుకునేదాన్ని. ఆ సరేకి ఏం చేయాలో తెలియలేదు. మడతపెట్టిన బట్టలే మళ్లీ విప్పి మడతపెట్టాను.

మూడు కట్లకు పాదం దారికి వచ్చింది. మూడో కట్టు విప్పిన రోజున మేస్త్రి బూట్లు తొడిగి, పట్టీ ఏ రంధ్రంలో పడాలో చూపించి, "ఇక నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు," అన్నాడు. దుకాణంలో నాలుగు రోజులు సెలవు అడిగాను. మా యజమాని మిగిలిన అద్దాలవైపు చూసి వెంటనే ఇచ్చాడు.

మొదటి రోజు పాప సాయంత్రం దాకా ఆగి ఆగి ఏడ్చింది. రాత్రి మా ఆయనా నేనూ వంతులు వేసుకుని ఎత్తుకు తిరిగాం. ఇద్దరం ఒకరినొకరం గమనించుకుంటూ తిరిగాం. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ ఏడుపు ఏడుపులా లేదు. గొంతు బొంగురుపోయి, గాలి పీల్చుకోవడానికి ఆగి, మళ్లీ మొదలుపెడుతోంది. ముఖం ఎర్రబడింది. కడ్డీని నేలకేసి కొడుతోంది. వేళ్లు చూశాను. రంగు బాగానే ఉంది. పట్టీ కింద చర్మం చూశాను. ఎక్కడా ఒరుసుకోలేదు. ఆకలి కాదు, తడి కాదు. ఇక చూడటానికి ఏమీ మిగల్లేదు. నా చెయ్యి పట్టీ మీదే ఉండిపోయింది. తీయాలని నేను అనుకోలేదు. వేళ్లు బకిలు నాలుకను వెనక్కి లాగుతున్నాయి.

"అమ్మాయ్."

తలెత్తాను. మా అత్తగారు గుమ్మంలో ఉన్నారు.

"పిల్లని నా దగ్గర ఉంచి నువ్వు వీధి చివరిదాకా వెళ్లిరా."

"మీరు..."

"వెళ్లిరా అన్నాను కదా."

వెళ్లాను. చెప్పులు వేసుకోవడం మరిచిపోయాను. సైకిళ్లు బాగుచేసే కొట్టు దాటాను. ఇస్త్రీ బండి దాటాను. వీధి చివర బస్సు ఆగే చోట నిలబడ్డాను. అక్కడికి వినపడే అవకాశమే లేదు. అయినా వినపడింది. బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ నా కాళ్లవైపు చూసి, ముఖంవైపు చూసి, "ఏమైనా పోగొట్టుకున్నారా అండీ?" అంది. లేదన్నాను. వెనక్కి వచ్చేశాను.

గదిలో పాప పరుపు మీద అలాగే ఏడుస్తోంది. బూట్లు కాళ్లకే ఉన్నాయి. మా అత్తగారు పక్కన నేల మీద గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, రెండు చేతులూ తన తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. మనిషి బరువంతా ఆ చేతుల మీద వేసి కూర్చున్నారు. కళ్లు మూసుకుని, "ఏడువు తల్లీ, ఏడువు. ఎంత ఏడ్చినా తీయను. నీ నాయనమ్మ చెడ్డది. ఏడువు," అంటున్నారు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు బయటికి తీయడం లేదు.

నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. నా చేతులు కూడా తొడల కింద పెట్టుకున్నాను. గచ్చు చల్లగా, గరుగ్గా తగిలింది.

కాసేపటికి ఆవిడ కళ్లు తెరిచారు.

"టైమెంతైంది?"

"మూడు కావస్తోంది అత్తయ్యా."

"చేతులు తిమ్మిరెక్కాయి."

"ఒక్క నిమిషం తీసుకోండి."

"వద్దు," అన్నారు. "నువ్వూ తీయకు."

పాప ఊపిరి కోసం ఆగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. అది మళ్లీ అందుకుంది. మేం కదల్లేదు.